చేతులకు నీళ్ళు

"సిస్టర్, ఒక్క నిమిషం. మీ చేతులు చూపించండి."

వార్డులోని బాలింతలంతా ఇటు తిరిగారు. ఊయలలో గుక్కపట్టిన పసిపిల్ల కూడా ఎందుకో ఆ క్షణానికి ఊరుకుంది. ఆ పిల్లను ఎత్తుకోబోతున్న మార్త చేతులు చాచినవి చాచినట్టే ఆగిపోయాయి.

మూల మంచం ఆవిడ ఆపరేషను కుట్లకు అప్పుడే కట్టు మార్చి వస్తోంది మార్త. అడిగిన మనిషి కొత్త డాక్టరు. పేరు మరియదాసు. గుంటూరులో చదువు పూర్తి చేసుకుని ఆ పొద్దునే ఉద్యోగంలో చేరాడు. తెల్లకోటు ఇస్త్రీ మడతలు ఇంకా విప్పుకోలేదు. పొడుగ్గా, సన్నగా, చూడ్డానికి బాగానే ఉన్నాడు గానీ, నలుగురిలో ఆ అడిగే తీరేమిటి?

మార్త రెండు చేతులూ చాచి చూపించింది. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి, ఎర్రగా కంది ఉంది. లైసాలు మందునీళ్ళలో ముంచీ ముంచీ చేతులు అలా అయ్యాయి.

"బాగా చూడండి డాక్టరు గారూ. కడుక్కోలేదు. కుళాయి వరండా ఆ చివర ఉంది. కాస్త పొద్దెక్కితే అందులో నీళ్ళు రావు. ఇక ఆ గుమ్మం దగ్గర బేసిను ఉంది చూశారా, పొద్దున పోసిన మందునీళ్ళే. ఇప్పటికి ఆసుపత్రి మొత్తం అందులో చేతులు ముంచింది. మీరు ముంచుతారేమో చూడండి."

మరియదాసు గుమ్మం వైపు చూశాడు. బేసిన్లో నీళ్ళు కుడితిలా ఉన్నాయి. అతను మార్త చేతుల వైపు మళ్ళీ ఒకసారి చూసి బయటికి వెళ్ళిపోయాడు.

గెలిచానని సంతోషించాలి మార్త. కానీ ఊయలలో పిల్ల మళ్ళీ ఏడుపందుకునేసరికి, ఆ చేతులతో ఎత్తుకోబుద్ధి కాలేదు. వరండా చివరిదాకా నడిచి, సన్నగా కారుతున్న ధార కింద చేతులు కడుక్కుని వచ్చి, అప్పుడు ఎత్తుకుంది. కోపం మాత్రం తగ్గలేదు. ఆయన చెప్పింది తప్పయి ఉంటే ఈపాటికి తగ్గేదే.

ఆ మధ్యాహ్నం నర్సుల గదిలో అన్నం తింటూ అతనికి సబ్బు డాక్టరని పేరు పెట్టింది. ఆయా నాంచారమ్మ అది విని పడీ పడీ నవ్వింది. నాంచారమ్మది బందరు దగ్గర చేపలు పట్టుకునే కుటుంబం. ఆవిడ చెవిన పడ్డ మాట ఎక్కడా ఆగదు. సాయంత్రానికల్లా ఆ పేరు గేటు దగ్గర కాపలావాడిదాకా వెళ్ళింది.

అది డెబ్బై నాలుగో సంవత్సరం వానాకాలం. బెజవాడలో బందరు కాలవ ఒడ్డున ఉన్న ఆ ప్రసూతి ఆసుపత్రికి చుట్టుపక్కల పల్లెలన్నిటి నుంచీ ఆడవాళ్ళు పురుడు పోసుకోవడానికి వచ్చేవారు. కాన్పులు బాగానే జరిగేవి. ఆ తరవాతే భయం. ఉన్నట్టుండి ఒకరికి చలిజ్వరం వచ్చేది, రెండు రోజులకు పక్క మంచం ఆవిడకు వచ్చేది. ఎక్కువమంది కోలుకునేవారు. కొందరు కోలుకునేవారు కాదు.

మర్నాడు పెద్ద డాక్టరమ్మ నుంచి మార్తకు పిలుపు వచ్చింది.

పెద్ద డాక్టరమ్మ అంటే సూపరింటెండెంటు సంపూర్ణమ్మగారు. లావుపాటి మనిషి, వెండి జుట్టు, మంగళగిరి నేతచీర. ఆవిడ చెప్పుల చప్పుడు వినిపిస్తే వరండాలో కూర్చున్న చుట్టాలు కూడా లేచి నిలబడేవారు. ఆ కొత్తాయన తన మీద ఫిర్యాదు చేసి ఉంటాడని మార్తకు అనుమానం లేదు. ఏం చెప్పాలో దారి పొడుగునా కూడబలుక్కుంది. లోపలికి వెళ్ళేసరికి మరియదాసు కూడా అక్కడే, గోడవారగా నిలబడి ఉన్నాడు.

"ఇతను నిన్న వార్డులో అందరి ముందూ నిన్ను చిన్నబుచ్చాడట. అందుకు తనకి మెమో ఇమ్మని అడుగుతున్నాడు. ఇవ్వమంటావా?" అంది సంపూర్ణమ్మగారు.

మార్త కూడబలుక్కున్నవేవీ ఇక్కడ పనికొచ్చేవి కావు. అతని వైపు చూస్తే, అతను కిటికీలోంచి కాలవ వైపు చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"వద్దులెండి," అంది చివరికి.

"అయితే వినండి," అని సంపూర్ణమ్మగారు అసలు సంగతికి వచ్చింది. ఈ జ్వరాలు తనకు నిద్రపట్టనివ్వడం లేదు. చేతుల శుభ్రం దగ్గరే లోపం ఉందని ఇతను అంటున్నాడు. తానూ అదే అనుకుంటోంది, కానీ ఏళ్ళ తరబడి చెప్పీ చెప్పీ అలసిపోయింది. ఇతనికి చదువు తెలుసు, ఇక్కడి మనుషులు తెలియరు. మార్తకు మనుషులు తెలుసు. ఇద్దరూ కలిసి ఏం చేస్తారో చెయ్యండి అంది.

బయటికి వచ్చాక మరియదాసు, "నిన్న నేను అలా అడిగి ఉండకూడదండీ," అన్నాడు.

"నేను కడుక్కుని ఉండాల్సిందండీ," అంది మార్త.

అంతే. ఇద్దరూ చెరోవైపు వెళ్ళిపోయారు. మర్నాడు నర్సుల గది అలమరలో ఒక కొబ్బరినూనె సీసా కనిపించింది. చేతులు కడుక్కున్నాక రాసుకోమని కొత్త డాక్టరుగారు అందరికీ తెచ్చి పెట్టారని నాంచారమ్మ చెప్పింది. మార్త రెండు రోజులు దాన్ని ముట్టుకోలేదు. మూడో రోజు, ఎవరూ లేనప్పుడు, రాసుకుంది.

మరియదాసు మొదట ఉపన్యాసం ఇచ్చాడు. కంటికి కనిపించని క్రిముల గురించి అరగంట చెప్పాడు. వెనక వరసలో ఇద్దరు కునికారు. తరవాత గుమ్మాల మీద నోటీసులు అంటించాడు. నాంచారమ్మకు చదువు రాదు. అదేంటో చదవమని మార్తను అడిగింది.

"రోగిని తాకుటకు ముందును, పిదపను హస్తప్రక్షాళనము గావించవలెను," అని చదివింది మార్త.

నాంచారమ్మ కాసేపు ఆలోచించింది. "హస్తప్రక్షాళనం ఎవరండీ, కొత్తగా వచ్చిన నర్సమ్మా?"

వెనక ఎవరో నవ్వారు. మరియదాసే. పుస్తకాలు చంకలో పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నవ్వితే మనిషి బాగుంటాడని మార్తకు అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే చిరాకేసింది. అతను స్టూలు ఎక్కి తన నోటీసులు తనే పీకేశాడు.

ముందు నీళ్ళ సంగతి చూడమంది మార్త. కుళాయి దగ్గరికి మనుషులు వెళ్ళలేకపోతే నీళ్ళే మనుషుల దగ్గరికి రావాలి. ప్రతి వార్డు గుమ్మం దగ్గరా మూత ఉన్న డ్రమ్ము పెట్టి, పొద్దునా సాయంత్రం నింపించాలి. సంపూర్ణమ్మగారు సరేనంది. నీళ్ళు మోసే జక్కయ్య గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. డ్రమ్ములు చూడ్డానికి ఒక మధ్యాహ్నం ఇద్దరూ వన్‌టౌన్ వెళ్ళారు.

రేకుల దుకాణంలో బేరం తెగేసరికి వాన పట్టుకుంది. రోడ్డు మీద రిక్షాలన్నీ టాపులు ఎత్తేసుకున్నాయి. దుకాణం చూరు కింద ఇద్దరికి సరిపడా చోటు లేదు. మరియదాసు పుస్తకం నెత్తిన పెట్టుకుని సగం వానలోనే నిలబడ్డాడు.

"ఇటు జరగండి, తడిసిపోతున్నారు," అంది మార్త.

"ఫరవాలేదండీ. చేతులు బాగా శుభ్రమవుతున్నాయి," అన్నాడు చేతులు వానలోకి చాచి.

మార్త నవ్వు ఆపుకుంది గానీ, పూర్తిగా ఆగలేదు. దుకాణంవాడు లోపలినుంచి రెండు గ్లాసుల టీ ఇప్పించాడు. టీ తాగుతూ మరియదాసు అడిగాడు, ఆసుపత్రిలో ఇంతమంది ఉన్నారు గదా, ఈ పని మీద ఆవిడకే ఇంత పట్టుదల ఎందుకని.

గ్లాసులో టీ అడుగుకు వచ్చాక మార్త చెప్పింది. వాళ్ళది కంకిపాడు. అక్క మాణిక్యానికి మొదటి కాన్పు ఈ ఆసుపత్రిలోనే అయింది. మార్త అప్పటికింకా నర్సు ట్రైనింగులో, వేరే ఊళ్ళో ఉంది. పిల్లాడు బాగానే పుట్టాడు. తరవాత అక్కకు జ్వరం వచ్చింది. అక్క బతికింది. పిల్లాడికీ అదే అంటుకుంది, వాడు దక్కలేదు. ఇప్పుడు అక్కకు మళ్ళీ నెలలు నిండుతున్నాయి, పురిటికి పుట్టింట్లోనే ఉంది. చచ్చినా ఆసుపత్రికి రానంటోంది. నాన్న కూడా పంపనంటున్నాడు.

"ఇంట్లో కాన్పంటే నాకు భయం. తీసుకొస్తానని నోటిదాకా వస్తుంది. కానీ ఆ వార్డులో పని చేస్తున్నదాన్ని నేనే. అక్కని ఏ నోటితో రమ్మనేది?"

మరియదాసు ధైర్యం చెప్పలేదు, సలహా ఇవ్వలేదు. ఒక్క మాట అన్నాడు.

"మీ అక్కగారిని తీసుకురాగల వార్డయితే చాలండీ. అంతకంటే మనం ఇంకేం చెయ్యక్కర్లేదు."

ఆ మాట మార్తకు చాలా రోజులు గుర్తుండిపోయింది.

డ్రమ్ములు వచ్చాయి. సబ్బులు వచ్చాయి. నీళ్ళు మాత్రం సాయంత్రానికి పెట్టినవి పెట్టినట్టే ఉండేవి. తొందరలో ఒకరు మరిచిపోయేవారు. గుర్తుచేస్తే ఇంకొకరికి కోపం వచ్చేది, మాకు శుభ్రం తెలియదనా మీ ఉద్దేశం అని. డాక్టర్లు కడుక్కోకపోతే మాకొక్కళ్ళకే ఎందుకీ రూలు అని ఆయాలు అనేవారు. డాక్టర్లకు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. చెప్తే చిన్నతనం, చెప్పకపోతే జ్వరం. మరియదాసు ముఖం వాడిపోయి తిరిగేవాడు.

ఒక ఆదివారం అతను కంకిపాడు వస్తానన్నాడు. మాణిక్యాన్ని చూసి, వాళ్ళ నాన్నగారితో మాట్లాడతానన్నాడు. మార్త వద్దనలేదు. ముందురోజే ఇంటికి వెళ్ళి, చావడి అంతా కడిగి, తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది. అక్క నవ్వుతుంటే విననట్టు ఊరుకుంది.

చర్చిలో పూజ ముగించుకుని బస్సెక్కి, అతను మధ్యాహ్నానికి దిగాడు. రోడ్డు పక్కన నాట్లు వేసిన చేలన్నీ నీళ్ళతో నిండి ఉన్నాయి. మోకాళ్ళదాకా బురద చిమ్మించుకుని వచ్చాడు. అతను గుమ్మంలోకి రాకముందే మార్త తల్లి రాహేలమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని ఎదురువెళ్ళింది. అతను వంగి కాళ్ళూ చేతులూ కడుక్కుంటున్నాడు, ఆవిడ పోస్తోంది.

పోస్తూ పోస్తూ ఆవిడ, "మీరేనా బాబూ సబ్బు డాక్టరుగారు?" అంది ఎంతో ఆప్యాయంగా. "మా అమ్మాయి ఇంటికొస్తే మీ కబుర్లే. ఆ పేరు పెట్టింది కూడా అదేనటగా."

గుమ్మంలో నిలబడ్డ మార్తకు భూమిలోకి దిగిపోదామనిపించింది. మరియదాసు తలెత్తి ఆమె వైపు చూశాడు. ముఖంలో నవ్వు మొదలై, సగంలో ఆగిపోయింది. అతను తన చేతుల వైపు, చెంబు వైపు, మళ్ళీ చేతుల వైపు చూసుకున్నాడు.

"మార్తగారూ, మీ అమ్మగారు నన్ను కడుక్కోమని చెప్పలేదు."

"చెప్పడమేంటండీ? ఇంటికొచ్చినవాళ్ళకి నీళ్ళివ్వమూ?"

"అదే. నీళ్ళిచ్చారు. నేను కడుక్కున్నాను. నాకేం కోపం రాలేదు."

ఒక క్షణం పట్టింది మార్తకు. తరవాత ఆమె మెట్లు దిగి వచ్చేసింది. గుమ్మం దగ్గర ఒక మనిషి చెంబు పట్టుకుని నిలబడితే, నీళ్ళివ్వడం మర్యాద. ఇచ్చిన నీళ్ళు కాదనడం అమర్యాద. ఎంత పెద్ద డాక్టరయినా చేతులు చాపాల్సిందే. ఇద్దరూ ఒకరి మాట ఒకరు పూర్తి చేస్తూ మాట్లాడుకుంటుంటే, రాహేలమ్మ ఖాళీ చెంబు పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

మార్త తండ్రి ఏసుపాదం మేష్టారు. బళ్ళో పిల్లలు ఆయన చూపుకే హడలిపోతారు. భోజనాలయ్యాక ఆయన నేరుగా అడిగాడు.

"మా మాణిక్యానికి ఆ జ్వరం ఎందుకొచ్చిందండీ? అప్పుడు అక్కడ నేను అడగని మనిషి లేడు. దేవుడి చిత్తమన్నారొకరు. పిల్ల బలహీనమన్నారొకరు. మీరేమంటారు?"

మరియదాసు కుర్చీలో ముందుకు జరిగాడు.

"నేనప్పుడు అక్కడ లేనండీ. కానీ చాలావరకు అది మా చేతుల మీదుగానే వస్తుంది. ఒక మంచం దగ్గర్నించి ఇంకో మంచానికి మేమే మోసుకొస్తాం. మీ అమ్మాయి తప్పేమీ లేదు."

తలుపు వెనక నిలబడ్డ మాణిక్యం అక్కడే కూలబడి ఏడ్చింది. ఇన్నాళ్ళూ తన ఒంట్లోనే ఏదో దోషం ఉందనుకుంది ఆ పిల్ల. మరియదాసు వెళ్ళేటప్పుడు ఏసుపాదం మేష్టారు బస్సు దాకా వచ్చి ఎక్కించాడు. వచ్చి వార్డు చూసుకోండి, మనసొప్పితేనే తీసుకురండి అని మరియదాసు చెప్పాడట.

మర్నాడు పొద్దున సంపూర్ణమ్మగారు రౌండ్లకు వచ్చే వేళకు, మార్త గుమ్మంలో చెంబుతో నిలబడింది. భుజాన ఉతికిన తువ్వాలు, పక్కన సబ్బు పళ్ళెం. ఈవిడకు ఇదివరకు ఎవరూ ఇలా అడ్డు నిలబడలేదు. వెనక డాక్టర్లూ నర్సులూ వరసగా ఆగిపోయారు.

"రండి మేడమ్. చేతులకి నీళ్ళు," అంది మార్త.

సంపూర్ణమ్మగారు చెంబు వైపు చూసింది. మార్త ముఖంలోకి చూసింది. మార్త చూపు దించలేదు.

"మా అత్తవారింట్లో కూడా నాకింత మర్యాద జరగలేదే," అంటూ చేతులు చాచింది ఆవిడ.

పెద్దావిడ చాచాక వెనకున్నవాళ్ళు చాచకేం చేస్తారు? మొదటి మంచం దగ్గర చూడ్డం అయ్యేసరికి మార్త మళ్ళీ చెంబుతో సిద్ధంగా ఉంది. రెండో మంచం అయ్యాకా అంతే.

"ఒకసారి ఇస్తే చాలదుటే? మంచం మంచానికీ మర్యాదేనా?"

"ఒక్కో మంచం ఒక్కో ఇల్లు కదండీ," అంది మార్త.

సంపూర్ణమ్మగారు మళ్ళీ చేతులు చాచింది. ఆ రోజు రౌండ్లు ఎప్పటికంటే ఆలస్యంగా ముగిశాయి. మధ్యాహ్నానికి అన్ని వార్డులకూ చెంబులు తెప్పించమని ఆర్డరు వచ్చింది.

మరియదాసు ఇంకొకటి కూడా మొదలుపెట్టాడు. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు పొయ్యాలి, ఎవరికైనా పొయ్యాలి. నాంచారమ్మకు తను చెంబు ఎత్తితే ఆవిడ చేతులు వెనక్కి దాచుకుంది. డాక్టరు బాబు ఆయాకి నీళ్ళు పొయ్యడమేంటని గోల పెట్టింది. ఆయన మీ ఇంటికొస్తే మీరు పోస్తారుగా, ఇక్కడ ఆయన పోస్తారు అని మార్త సర్దిచెప్పాక ఒప్పుకుంది. ఆ సాయంత్రం బంధువులందరికీ ఆ కథే చెప్పింది.

ఒకరోజు మార్తకు అతను నీళ్ళు పోస్తున్నాడు. మబ్బు వెలుతురులో ధార ఆమె వేళ్ళ మధ్య నుంచి జారుతోంది.

"మానాయి," అన్నాడు నెమ్మదిగా.

"ఏంటండీ?"

"మీ చేతులు. పగుళ్ళు మానాయి."

చెంబులో నీళ్ళు అయిపోయినా అతను అలాగే వంచి పట్టుకుని ఉన్నాడు. ఆమె కూడా చేతులు వెనక్కి తీసుకోలేదు. ఎవరో సిస్టర్ అని పిలిస్తే గానీ ఇద్దరికీ ఆ సంగతి తెలియలేదు.

ఏసుపాదం మేష్టారు చెప్పకుండా ఒకసారి వచ్చి, వరండాలో ఒక పూటంతా కూర్చుని, ఎవరెవరు ఎలా కడుక్కుంటున్నారో చూసి వెళ్ళాడు. ఆ తరవాత మాణిక్యాన్ని తీసుకొచ్చాడు.

నొప్పులు తెల్లవారుజామున మొదలై మధ్యాహ్నం దాటినా కాన్పు కాలేదు. బయట కుండపోతగా వాన. బిడ్డ అడ్డం తిరిగిందని నర్సు పరుగెత్తుకొచ్చి చెప్పింది. పక్క వార్డులో ఉన్న మరియదాసు తడుస్తూనే వచ్చాడు. లోపల మాణిక్యం అరుపు. గుమ్మం బయట పెద్దాయన. మార్త చెంబు పట్టుకుని నిలబడింది. అతను చేతులు చాచాడు.

"ముందు లోపలికెళ్ళండి బాబూ," అన్నాడు ఏసుపాదం మేష్టారు. "అది అరుస్తోంది."

"వెళ్తానండీ. వీటితో వెళ్ళను," అన్నాడు మరియదాసు.

మోచేతుల దాకా సబ్బు రుద్దాడు. గోళ్ళ సందుల్లో రుద్దాడు. మార్త పోస్తూనే ఉంది. లోపల పిలుస్తోంది తన అక్క. ఒక చెంబు చాలదా అని ఆమె ప్రాణం కొట్టుకుంది. అయినా రెండో చెంబు ముంచింది. ముంచుతుంటే కళ్ళలోంచి నీళ్ళు జారి డ్రమ్ములో పడతాయేమోనని ముఖం పక్కకు తిప్పుకుంది. అతను లోపలికి వెళ్ళాడు. సంపూర్ణమ్మగారు కూడా వచ్చి, చేతులు చాచి, కడుక్కుని వెళ్ళింది. మార్త తన చేతులు కూడా కడుక్కుని వాళ్ళ వెనకే వెళ్ళింది.

బిడ్డను లోపలే తిప్పి సరిచేశాక, వాన తగ్గుముఖం పట్టే వేళకు ఆడపిల్ల పుట్టింది. మాణిక్యం అలసిపోయి కళ్ళు మూసుకుంది.

అసలు భయం ఆ తరవాతి రోజులది. మార్త పూట పూటకూ అక్క నుదుటి మీద చెయ్యి వేసి చూసేది. తనకు నమ్మకం చాలక మరియదాసును చూడమనేది. అతను చేతులు కడుక్కుని, థర్మామీటరు పెట్టి, ఆమెకే చూపించేవాడు. మొదటి కాన్పప్పుడు ఎన్నో రోజున జ్వరం వచ్చిందో ఆ రోజూ వచ్చింది, వెళ్ళింది. జ్వరం రాలేదు. వారం గడిచేసరికి మాణిక్యం మంచం మీద కూర్చుని, ఆసుపత్రి సాంబారు బాగోలేదని పేచీ పెట్టింది. ఆ పేచీ విని ఏసుపాదం మేష్టారు వరండాలోకి వెళ్ళి, ఎవరికీ కనబడకుండా కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ వానాకాలంలో ఇంకొకరిద్దరికి జ్వరం రాకపోలేదు. కానీ మంచం నుంచి మంచానికి పాకడం మాత్రం ఆగిపోయింది. సంపూర్ణమ్మగారు తనకిప్పుడు నిద్ర పడుతోందని అందరితో చెప్పేది.

మాణిక్యాన్ని ఇంటికి పంపించే ముందురోజు ఉయ్యూరు నుంచి ఒకావిడ వచ్చింది. చేతిలో బెల్లం బుట్ట, నోట్లో తమలపాకు. పేరు శౌరమ్మ. మరియదాసు తల్లి. కొడుకును చూడ్డానికి వచ్చానంది గానీ, కొడుకు గది దాటి నేరుగా మాణిక్యం మంచం దగ్గరికే వచ్చింది. గుమ్మంలో నాంచారమ్మ నీళ్ళిస్తే కడుక్కుని, పిల్లను ఒళ్ళోకి తీసుకుని, రాహేలమ్మతో కబుర్లలో పడింది. తమవాడు ఇంటికొస్తే నోరు తెరిస్తే మార్తగారు అన్నారు, మార్తగారు చెప్పారు, ఇదే వరస అంది. మా పిల్లా అంతేనండీ అని రాహేలమ్మ అంది. ఇక వాళ్ళిద్దరినీ ఆపగలిగేవారు లేకపోయారు.

గుమ్మం బయట వరండా పిట్టగోడ మీద కూర్చున్న ఏసుపాదం మేష్టారు గొంతు సవరించుకున్నాడు.

"మీరు ఆర్సీయం వాళ్ళు, క్యాథలిక్కులు. మేము ప్రొటెస్టెంట్లం. మరి గుడి సంగతి?"

"మీ పాస్టరయ్యగారూ మా ఫాదరూ కూర్చుని మాట్లాడుకుంటారు లెండి అన్నయ్యగారూ. అది వాళ్ళ పని," అంది శౌరమ్మ. "మనం పిల్లల సంగతి చూసుకుందాం."

మేష్టారు పిట్టగోడ దిగి దగ్గరికి వచ్చాడు.

"మా పిల్లకేమైందో అడిగితే, దాచకుండా చెప్పింది మీవాడొక్కడేనమ్మా. అంతకంటే నేను చూడాల్సిందేముంది?"

చేతిలో మందుల ట్రేతో వచ్చి నిలబడ్డ మార్త ఇదంతా విన్నది. ట్రే బల్ల మీద పెట్టి, గబగబా వరండాలోకి నడిచింది. సంతోషమో, కోపమో ఆమెకే తెలియలేదు. అందరూ కలిసి తేల్చేశారు. తననెవరైనా అడిగారా? అసలు ఆ మనిషి ఒక్కసారైనా నోరు విప్పి అడిగాడా?

మరియదాసు వెతుక్కుంటూ వచ్చాడు. సన్నగా తుంపర పడుతోంది. అతను స్తంభానికి అవతల నిలబడ్డాడు.

"మా అమ్మ వస్తుందని నాకు తెలియదండీ. నేనేమీ పంపించలేదు."

"అయితే మీకిష్టం లేదా?"

"అయ్యో, అది కాదండీ." అతను కోటు గుండీ పట్టుకుని తిప్పాడు. "మిమ్మల్ని అడగాలని చాలా రోజుల్నించీ ఉంది. మొదటి రోజే మీ చేతుల సంగతి అడిగి మీ మనసు కష్టపెట్టాను. ఈసారి ఎలా అడగాలో తెలియక ఊరుకున్నాను."

మార్త కాలవ వైపు చూసింది. పడవవాడెవడో గోనెపట్టా కప్పుకుని తాపీగా పోతున్నాడు.

"ఉపన్యాసం లేకుండా అడగండి," అంది.

మరియదాసు గుండీ వదిలేశాడు.

"నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

లోపల్నుంచి సిస్టర్ అని పిలుపు వచ్చింది. మార్త కొంగు సర్దుకుని, జవాబు చెప్పకుండానే కదిలింది. అతను అక్కడే, తుంపరలో భుజం తడుస్తున్నా తెలియకుండా, ఆమె వెళ్ళిన వైపే చూస్తూ నిలబడ్డాడు. వార్డు గుమ్మం దగ్గర ఆమె ఆగింది. వెనక్కి తిరిగింది.

"ఏమండీ," అని పిలిచింది.

ఎవరిని పిలుస్తోందో అని మరియదాసు వెనక్కి తిరిగి చూశాడు. వరండాలో అతను తప్ప ఇంకెవరూ లేరు.

"మిమ్మల్నేనండీ," అంది మార్త. "తడుస్తున్నారు. లోపలికి రండి."